మూత్ర పరీక్ష ఎక్కడ చేస్తారో మన సంఘానికి తెలుసా?



ఆదివారం ఆరాధన అయ్యాక ప్రార్థన కోసం ముందుకొచ్చే అక్కలు చెప్పే మాటలు కాపరులందరికీ పరిచయమే. "నడుం నొప్పి అయ్యగారూ", "ఒంట్లో నీరసం అయ్యగారూ", "లోపల జ్వరంగా ఉంటోంది". అదే అక్క అమ్మగారి దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి ఇంకో మాట చెబుతుంది. "ఒంటికి వెళ్తే మంటమ్మా. పది నిమిషాలకోసారి వెళ్లాలనిపిస్తుంది, వెళ్తే చుక్క చుక్క." ఈ మాటకి మనవాళ్లందరి దగ్గరా ఒకటే జవాబుంది: వేడి చేసింది. సబ్జా గింజలు నానబెట్టుకో, బార్లీ కాచుకుని తాగు, మజ్జిగ ఎక్కువ పుచ్చుకో. బెంగళూరు గల్లీల్లోనూ, చెన్నై వ్యాసర్పాడిలోనూ, ముంబయి ధారావిలోనూ, యానాంలోనూ తెలుగు ఇళ్లలో ఇదే వైద్యం.

బార్లీ నీళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నీళ్లు ఎక్కువ తాగమని డాక్టర్లూ చెబుతారు. కానీ మూడు రోజులైనా తగ్గని మంట వేడి కాదు. చాలాసార్లు అది మూత్రంలో చేరిన సూక్ష్మక్రిమి. ఎక్కువగా ఈ-కొలై అనే క్రిమి. మన పేగుల్లోనే ఉంటుంది, అక్కడున్నంత కాలం గొడవ లేదు, మూత్రనాళంలోకి ఎక్కితేనే జబ్బు. ఆడవాళ్లలో ఆ నాళం పొట్టిగా ఉంటుంది కాబట్టి వాళ్లకే ఎక్కువగా వస్తుంది. అది ఉందో లేదో చెప్పే పరీక్ష ఖరీదైనది కాదు, కొత్తదీ కాదు. ఒక చిన్న డబ్బాలో మూత్రం ఇస్తే చాలు. మనం ఉంటున్న పేటలకు నడిచి వెళ్లేంత దూరంలోనో, ఒక బస్సు దూరంలోనో ఆ పరీక్ష చేసేవాళ్లున్నారు. అయినా మన సంఘాల్లో పదిమందిని నిలబెట్టి "ఈ పేటలో యూరిన్ టెస్టు ఎక్కడ చేస్తారు, ఎన్ని గంటలకు తీసుకుంటారు, ఎంత తీసుకుంటారు" అని అడిగితే ఎంతమంది చెప్పగలరు? ఈ నెల సంపాదకీయం ఈ ఒక్క ప్రశ్న గురించే.

ముందు, ఈ జబ్బు మన అక్కలకే ఎందుకు ఎక్కువగా చుట్టుకుంటోందో చూడాలి. "శుభ్రత లేక" అని తేలిగ్గా అనేవాళ్లున్నారు. ఆ మాట నాకు నచ్చదు. ఊరంతటినీ శుభ్రం చేసేది వాళ్లే. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో తరాల కిందట రాయలసీమ నుంచి, కోలారు వైపు నుంచి వచ్చిన తెలుగు దళిత స్త్రీలే ఎక్కువ. చెన్నైలో ఆది ఆంధ్రులు, అరుంధతీయులు చేస్తున్న పనీ అదే. తెల్లవారుజామున ఇల్లు వదిలిన మనిషికి మధ్యాహ్నం దాకా మూత్రశాల దొరకదు. అపార్టుమెంటు వాచ్‌మన్ లోపలికి రానివ్వడు. హోటల్లో కాఫీ తాగితేనే రానిస్తారు, ఒక్కోచోట తాగినా రానివ్వరు. డబ్బులిచ్చి వెళ్లే సులభ్ కాంప్లెక్సు వాళ్ల బీటుకి రెండు కిలోమీటర్ల అవతల ఉంటుంది. అందుకని వాళ్లు కనిపెట్టుకున్న ఉపాయం నీళ్లు తాగకపోవడం. ఉదయం ఒక టీ, అంతే. నీళ్లు తక్కువ తాగి, వచ్చినదాన్ని గంటల తరబడి ఆపుకుంటే క్రిమి లోపలే పెరగడానికి వీలు దొరుకుతుంది.

ఫ్యాక్టరీలో ఆడవాళ్లకు విడిగా మూత్రశాల ఉండి తీరాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టంలోనూ మూత్రశాలల మాట రాశారు. వీధి ఊడ్చే మనిషికి వీధే ఫ్యాక్టరీ. అక్కడ ఎవరు కట్టాలి? ముంబయిలో 2011లో స్త్రీలు ‘రైట్ టు పీ’ అని ఉద్యమం మొదలుపెట్టింది ఈ ప్రశ్న మీదే. మగవాళ్లకు ఉచితంగా ఉన్న మూత్రశాల దగ్గర ఆడవాళ్లు డబ్బులు కట్టాల్సి వస్తోందని వాళ్లు బయటపెట్టారు. పేరు విని అప్పట్లో నవ్వినవాళ్లున్నారు. మన యౌవనస్తులు దాని గురించి చదవాలి.

సోలాపూర్‌లో ఇంటి దగ్గరే కూర్చుని బీడీలు చుట్టే మన తెలుగు అక్కలది ఇంకో రకం. మూత్రశాల పక్కనే ఉంటుంది, లేవడానికే వీలుండదు. వెయ్యి బీడీల లెక్క పూర్తి కావాలి. కేజీఎఫ్‌లో 2001లో గనులు మూతపడ్డాక, చీకటితోనే రైలెక్కి బెంగళూరు వచ్చి పని చేసుకుని రాత్రికి ఇల్లు చేరేవాళ్ల సంగతీ మనకు తెలుసు.

ఇక్కడ మన సంఘాల గురించి కూడా ఒక మాట. మూడు గంటల ఆరాధన, రాత్రంతా జాగరణ ప్రార్థన, మూడు రోజుల ఉజ్జీవ కూటాలు పెడతాం. పందిరి వేస్తాం, సౌండ్ సిస్టం తెస్తాం, ప్రసంగీకుడికి గది చూస్తాం. ఆడవాళ్లు ఒంటికి వెళ్లడానికి చోటు ఎంతమంది చూస్తున్నారు? ఉపవాస ప్రార్థనలో నీళ్లు కూడా ముట్టకూడదని పట్టుబట్టే సంఘాలు మన మధ్య ఉన్నాయి. మండు వేసవిలో, షుగర్ ఉన్న పెద్దమ్మ, నెల తప్పిన కోడలు కూడా అలాగే కూర్చుంటున్నారు. మంచినీళ్లు తాగితే ఉపవాసం చెడదని పుల్పిట్ మీద నుంచి కాపరే చెప్పాలి. అమ్మగారు చెబితే వినరు.

ఇక సిగ్గు. మూత్రంలో మంట అనగానే అది "చెడ్డ జబ్బు" అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కొత్తగా పెళ్లయిన అమ్మాయికి వస్తే అత్తగారింట్లో చూసే చూపే వేరు. నిజం ఏమిటంటే, పెళ్లయిన కొత్తలో ఈ ఇన్ఫెక్షన్ రావడం మామూలు విషయం, అది ఎవరి నడతకీ గుర్తు కాదు. పెళ్లికాని అమ్మాయికి వస్తుంది, అరవై ఏళ్ల మామ్మకి వస్తుంది, పసిపిల్లలకీ వస్తుంది. పిల్లల్లో ఒక్కోసారి జ్వరం తప్ప వేరే గుర్తు ఉండదు. మగవాళ్లకి ప్రోస్టేట్ పెరిగిన వయసులో వస్తుంది.

మగ డాక్టరుకి చెప్పలేక ఊరుకునే స్త్రీల బాధ తెలుగు క్రైస్తవులకు కొత్త కాదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆ స్త్రీల కోసమే పనిచేసి, 1898లో అక్కడ ఆస్పత్రి తెరిచారు. మన ముత్తవ్వల కాలంలోనే ఆ అడ్డు తీయడానికి అంత శ్రమ జరిగింది. ఈ రోజు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో నర్సులూ, ఆశా కార్యకర్తలూ దాదాపు అందరూ ఆడవాళ్లే. మూత్ర పరీక్షకి ఒళ్లు చూపించనక్కర్లేదు. డబ్బా ఇస్తారు, బాత్రూంలోకి వెళ్లి పట్టి తెచ్చి ఇవ్వడమే. ఈ సంగతి తెలియకే చాలామంది భయపడి ఆగిపోతున్నారు. పన్నెండేళ్లు ఎవరికీ చెప్పుకోలేని జబ్బుతో, ఉన్నదంతా వైద్యులకు పోసి, జనంలో వెనకనుంచి వచ్చిన స్త్రీ కథ మార్కు సువార్తలో మనం చదువుతూనే ఉంటాం. ఆమె విశ్వాసం మీద ప్రసంగాలు చాలా విన్నాం. ఆమె పోగొట్టుకున్న డబ్బు మీద ఎవరూ చెప్పగా నేను వినలేదు.

మనవాళ్ల డబ్బు పోయేది ఎక్కువగా మెడికల్ షాపులో. మంట అని చెప్పగానే షాపతను నాలుగు మాత్రలు ఇస్తాడు. రెండు వేసుకుంటే మంట తగ్గుతుంది, మిగతా రెండు డబ్బాలో పడి ఉంటాయి. నెల తర్వాత మళ్లీ మంట, మళ్లీ అదే షాపు. ఈసారి ఇంకా పెద్ద మాత్ర. యాంటీబయాటిక్ మందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్నది చట్టం. వాటిలో కొన్ని గట్టి మందుల్ని 2014 మార్చి నుంచి హెచ్-1 అనే జాబితాలో పెట్టి, అమ్మిన ప్రతిసారీ షాపులో రిజిస్టరు రాసి మూడేళ్లు దాచాలని కూడా నియమం పెట్టారు. ఆ రిజిస్టరు మన పేటల్లో ఎంత కనబడుతుందో మీకే తెలుసు. ఇలా సగం సగం వేసుకున్న మందులకు క్రిమి అలవాటు పడిపోతుంది. ఒకప్పుడు ఈ జబ్బుకి కళ్లు మూసుకుని రాసిన సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులకు మన దేశంలో ఈ-కొలై చాలావరకు లొంగడం లేదని భారత వైద్య పరిశోధన మండలి నివేదికలు చెబుతున్నాయి. మాత్రతో పోయే జబ్బుకి ఇంజెక్షన్లూ ఆస్పత్రి మంచమూ కావలసి వస్తే, రోజు కూలీ మనిషి ఏం చేయాలి?

అందుకే మాత్ర కంటే ముందు పరీక్ష. పరీక్ష అంటే ఒకటి కాదు, మూడు రకాలున్నాయి. వీటి తేడా తెలిస్తేనే ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది.

మొదటిది స్ట్రిప్పు. రంగు చుక్కలున్న సన్నటి పట్టీని మూత్రంలో ముంచి తీస్తారు. రెండు నిమిషాల్లో రంగు మారుతుంది. తెల్లకణాలు ఉన్నాయా, నైట్రైట్ ఉందా అన్న రెండు గళ్లు ఇన్ఫెక్షన్ సంగతి చెబుతాయి. రాత్రంతా లోపల నిలిచిన పొద్దుటి మూత్రంలో ఇది బాగా తెలుస్తుంది. పది నిమిషాలకోసారి వెళ్తున్న మనిషి మూత్రంలో నైట్రైట్ కనబడకపోవచ్చు. కాబట్టి స్ట్రిప్పులో ఏమీ రాలేదని జబ్బు లేదనుకోకూడదు. ఆన్‌లైన్‌లో ఇంటికి తెప్పించుకునే పట్టీలకూ ఇదే మాట వర్తిస్తుంది.

ఇక్కడే మన గర్భిణీ అక్కలు మోసపోయే చోటు ఒకటుంది. నెలనెలా చెకప్‌లో యూరిన్ టెస్టు చేస్తున్నారు కదా, అంతా బాగానే ఉందట అంటారు. కింది స్థాయి కేంద్రాల్లో గర్భిణులకు చేసే ఆ పరీక్ష చాలాచోట్ల ఆల్బుమిన్, షుగర్ చూసేది మాత్రమే. అది బీపీ వల్ల వచ్చే ప్రమాదం, షుగర్ కనిపెట్టడానికి. అందులో ఇన్ఫెక్షన్ తెలియదు. గర్భంతో ఉన్నప్పుడు ఏ మంటా లేకుండానే మూత్రంలో క్రిమి ఉండొచ్చు. దాన్ని వదిలేస్తే కిడ్నీ దాకా పాకే ప్రమాదం ఎక్కువ, కాన్పు నెలలు నిండకుండానే అయ్యే భయమూ ఉంది. కాబట్టి చెకప్‌కి వెళ్లినప్పుడు "కల్చర్ కూడా చేయించాలా డాక్టరుగారూ" అని ఒక్కసారి అడగాలి.

రెండోది యూరిన్ రొటీన్. మైక్రోస్కోపు కింద చూసి పస్ సెల్స్ ఎన్ని, రక్తకణాలు ఎన్ని అని రాస్తారు. ఒకటి రెండు గంటల్లో రిపోర్టు వస్తుంది. పస్ సెల్స్ అంటే చీము కణాలు. నాలుగైదు దాకా ఉంటే మామూలుగా పట్టించుకోరు. మాటిమాటికీ వెళ్లడం షుగర్ వల్లనా, నొప్పి రాయి వల్లనా అన్నది కూడా ఇందులో కొంత బయటపడుతుంది.

మూడోది కల్చర్. మూత్రాన్ని ల్యాబులో పెంచి, ఏ క్రిమి ఉందో, అది ఏ మందుకి లొంగుతుందో చెబుతారు. రెండు మూడు రోజులు పడుతుంది. రిపోర్టులో మందుల పేర్ల పక్కన ‘ఎస్’ అని ఉంటే ఆ మందు పనిచేస్తుందని, ‘ఆర్’ అని ఉంటే పనిచేయదని అర్థం. ప్రతివాళ్లకీ కల్చర్ అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న స్త్రీకి మొదటిసారి మంట వస్తే డాక్టరు కల్చర్ లేకుండానే మందు ఇవ్వొచ్చు, అది తప్పు కాదు. కానీ మళ్లీ మళ్లీ వస్తున్నవాళ్లు, గర్భిణులు, షుగర్ ఉన్నవాళ్లు, మగవాళ్లు, పిల్లలు, జ్వరం కూడా ఉన్నవాళ్లు, మందు వేసుకున్నా తగ్గనివాళ్లు దాన్ని అడిగి చేయించుకోవాలి. పస్ సెల్స్ కనబడుతూ కల్చర్‌లో ఏమీ పెరగకపోతే ఒక్కోసారి అది టీబీ కూడా కావచ్చు. డాక్టరుని అడగకుండా వదిలేయొద్దు.

మూత్రం పట్టే పద్ధతి మన స్త్రీల కూడికలో ఎవరైనా నర్సు అక్క నేర్పితే బాగుంటుంది. చేతులు కడుక్కోవాలి. నీళ్లతో ముందునుంచి వెనక్కి కడుక్కోవాలి. మొదట వచ్చేది వదిలేసి, మధ్యలో వచ్చేది డబ్బాలో పట్టాలి. డబ్బా లోపల వేలు తగలకూడదు. కల్చర్‌కి ల్యాబువాళ్లిచ్చే స్టెరైల్ డబ్బాయే వాడాలి, ఇంట్లో హార్లిక్స్ సీసా ఎంత కడిగినా పనికిరాదు. పట్టిన గంట రెండు గంటల్లో ల్యాబుకి చేరాలి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే ఇవ్వాలి. రెండు మాత్రలు మింగి వెళ్తే కల్చర్‌లో ఏమీ కనబడకపోవచ్చు.

పరీక్ష కోసం ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. చలితో జ్వరం, వీపు పక్కన డొక్కలో నొప్పి, వాంతులు, మూత్రం అసలు రాకపోవడం, పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం ఉంటే అదే రోజు, రాత్రయినా సరే, పెద్దాస్పత్రికి తీసుకుపోవాలి. గర్భిణికి జ్వరం ఉన్నా అంతే.

ఇక ఎక్కడ అన్నది. కేంద్ర ప్రభుత్వం 2015లో ఉచిత పరీక్షల పథకం మొదలుపెట్టింది. దాని జాబితా ప్రకారం ఉపకేంద్రంలో 14, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 63, సామాజిక ఆరోగ్య కేంద్రంలో 97, జిల్లా ఆస్పత్రిలో 134 రకాల పరీక్షలు ఉచితంగా అందాలి. కాగితం మీద ఉన్నదంతా బల్ల మీద ఉండదు. స్ట్రిప్పులు అయిపోయాయంటారు, ల్యాబు టెక్నీషియన్ సెలవంటారు. అయినా ఆ జాబితా తెలిసిన మనిషి అడిగే తీరు వేరుగా ఉంటుంది. స్ట్రిప్పు, రొటీన్ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో, కల్చర్ పెద్దాస్పత్రిలో. ఈ లెక్క గుర్తుంటే సగం తిరుగుడు తప్పుతుంది.

కర్ణాటకలో 2022 డిసెంబర్ నుంచి పట్టణాల్లో, ఆ తర్వాత బెంగళూరు వార్డుల్లో ‘నమ్మ క్లినిక్’లు తెరిచారు. మొదటి మెట్టు అదే. బెంగళూరులో కల్చర్ కావాలంటే శివాజీనగర్‌లో బౌరింగ్, మార్కెట్ దగ్గర విక్టోరియా, పక్కనే ఆడవాళ్లకీ పిల్లలకీ వాణీ విలాస్, మల్లేశ్వరంలో కే.సీ. జనరల్. కేజీఎఫ్‌లో ఉన్నవాళ్లకి రాబర్ట్‌సన్‌పేట ప్రభుత్వ ఆస్పత్రి, అక్కడ కాకపోతే కోలారు ఎస్.ఎన్.ఆర్. జిల్లా ఆస్పత్రి.

చెన్నైలో కార్పొరేషన్ నడిపే పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలున్నాయి. ఉత్తర చెన్నైలో మన తెలుగు పేటలకు స్టాన్లీ దగ్గర. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా రాజీవ్ గాంధీ జనరల్ ఆస్పత్రి ఉంది. ఆడవాళ్లకు ప్రత్యేకంగా ట్రిప్లికేన్‌లో కస్తూర్బా గాంధీ ఆస్పత్రి. పాతవాళ్లు దాన్నే గోషా ఆస్పత్రి అంటారు.

ముంబయిలో ‘ఆప్లా దవాఖానా’ అని కార్పొరేషన్ తెరిచిన చిన్న క్లినిక్‌లు నాకు చాలా నచ్చాయి. కారణం వాటి వేళలు. పనినుంచి వచ్చాక సాయంత్రం కూడా తెరిచి ఉండేలా, రాత్రి 10 దాకా పెట్టారు. ధారావివాళ్లకు సాయన్ ఆస్పత్రి, కామాఠీపురావాళ్లకు నాయర్ ఆస్పత్రి దగ్గర. సోలాపూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాలకు చెందిన సివిల్ ఆస్పత్రి.

ఒడిశాలో ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచిత పరీక్షల పథకాన్ని ‘నిదాన్’ అంటారు. కౌంటర్లో ఆ పేరు చెప్పి అడగండి. బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆస్పత్రి, కోరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల, రాయగడలో జిల్లా ఆస్పత్రి. యానాంలో ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి చేతికందే దూరంలోనే ఉంది. అక్కడ కాని పరీక్షకి కాకినాడ జీజీహెచ్‌కి బస్సులు తిరుగుతూనే ఉంటాయి. పుదుచ్చేరి కార్డు ఉన్నవాళ్లు ఆంధ్రాలోకి వెళ్తే ఏం ఇబ్బందో అని వెనకాడుతుంటారు. ఓపీ చీటీకి, మూత్ర పరీక్షకి ఆ బెంగ పెట్టుకోవద్దు.

ఇంకో దారి చాలామంది మరిచిపోతున్నారు. కాంట్రాక్టు మీద పనిచేస్తున్నా జీతంలోంచి ఈఎస్ఐ కోస్తున్నారా? నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు వర్తించే లెక్క అది. కోస్తుంటే డాక్టరూ, పరీక్షా, మందూ మీకూ మీ ఇంట్లోవాళ్లకూ ఈఎస్ఐలో ఉచితం. బెంగళూరులో రాజాజీనగర్, చెన్నైలో అయనావరం పెద్ద ఈఎస్ఐ ఆస్పత్రులు. కోస్తూ కార్డు ఇవ్వని కాంట్రాక్టరు ఉంటే అది దొంగతనమే, యూనియన్‌కి చెప్పాలి.

ప్రైవేటు ల్యాబులో రొటీన్ వంద, రెండు వందల్లో అయిపోతుంది. కల్చర్ ఊరినిబట్టి ఐదారు వందల నుంచి వెయ్యి దాకా ఉండొచ్చు. ఒక రోజు కూలీ, ఆటో ఖర్చు కలిపి చూసుకుంటే ఒక్కోసారి పక్క వీధి ల్యాబే చవక. ప్రభుత్వాస్పత్రికే వెళ్లాలన్న పంతం నాకు లేదు. ల్యాబుకి ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉందా, కల్చర్ అక్కడే చేస్తారా లేక బయటికి పంపుతారా, పంపితే ఎన్ని గంటలకు పంపుతారు అని అడిగితే చాలు.

పరాయి భాషలో చెప్పుకోలేకపోవడం ఇంకో గోడ. మన పిల్లలకు ఆ భాషలు వచ్చు, తల్లులకు కూరగాయల బేరం వరకే వచ్చు. కొడుకుని వెంటబెట్టుకుని వెళ్లి ఈ మాట వాడి చేత చెప్పించాలంటే ఏ తల్లికైనా కష్టమే. అందుకే ఈ నాలుగు మాటలు నేర్చుకోండి. కన్నడంలో ‘ఉరి మూత్ర’ అంటే చాలు. తమిళంలో ‘నీర్ కడుప్పు’. మరాఠీలో ‘లఘ్వీలా జళ్‌జళ్ హోతే’. ఒడియాలో ‘పరిస్రా పోడుచి’. కౌంటర్లో కూర్చున్న మనిషికి ఆ ఒక్క ముక్కతో విషయం తెలిసిపోతుంది.

ఇప్పుడు యౌవనస్తులారా, మీ సంగతి. మీ చేతుల్లో ఫోన్లున్నాయి, కాళ్లలో బలముంది, మూడు భాషలున్నాయి. ఒక శనివారం నలుగురు కలిసి మీ సంఘం చుట్టూ రెండు కిలోమీటర్లు తిరగండి. ప్రతి ఆరోగ్య కేంద్రంలో, ప్రతి ల్యాబులో అడగవలసినవి: స్ట్రిప్పు ఉందా, రొటీన్ చేస్తారా, కల్చర్ చేస్తారా, సాంపిల్ ఎన్ని గంటల దాకా తీసుకుంటారు, డబ్బా మీరే ఇస్తారా, ఎంత, రిపోర్టు ఎప్పుడు, లేడీ డాక్టరు ఏ రోజు ఉంటారు, బాత్రూం శుభ్రంగా ఉందా. చివరి ప్రశ్న చిన్నదనుకోకండి, బాత్రూం బాగాలేక సాంపిల్ ఇవ్వకుండా తిరిగొచ్చే ఆడవాళ్లు ఉన్నారు. గూగుల్ మ్యాపులో చూసి రాసేయొద్దు, అందులో ఉన్న వేళలూ తలుపు మీద ఉన్న వేళలూ తరచూ ఒకటి కావు. రాసిన కాగితాన్ని సంఘం నోటీసు బోర్డు మీద కంటే ఆడవాళ్ల వైపు బాత్రూం తలుపు లోపల అతికించండి. అక్కడైతే ఎవరూ చూడకుండా చదువుకోవచ్చు, ఫోటో తీసుకోవచ్చు. ఆరు నెలలకోసారి మళ్లీ తిరిగి మార్చండి.

పౌరకార్మికురాలి డ్యూటీ, ప్రభుత్వాస్పత్రి ఓపీ రెండూ పొద్దుటి పూటే. ఒక రోజు సెలవు పెట్టి సాంపిల్ ఇచ్చినా, కల్చర్ రిపోర్టు కోసం ఇంకో రోజు కూలీ పోగొట్టుకోవాలి. అందుకే తెచ్చుకోని రిపోర్టులు ల్యాబుల్లో పడి ఉంటున్నాయి. ఆమె చీటీ తీసుకుని రిపోర్టు తెచ్చి, డాక్టరుకి చూపించే పని కాలేజీ పిల్లలు చేయలేరా? ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు పేర్లు ఇస్తే స్త్రీల సమాజం పెద్ద ఆ పని నడపగలదు. పేరు, జబ్బు బయటికి పొక్కకూడదు. ప్రార్థన అంశం పేరుతో మైకులో ఎవరి మూత్ర రోగమూ చదవొద్దు. కాపరులకు ఈ మాట గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే ఒకసారి మైకులో పేరు వినబడ్డాక ఆ సంఘంలో ఇంకే అక్కా నోరు విప్పదు.

మందు రాశాక డాక్టరు చెప్పినన్ని రోజులూ వేసుకున్నారా లేదా అని చూసే మనిషి కూడా కావాలి. మూడో రోజుకి మంట పోగానే మాత్రలు పక్కింటామెకి ఇచ్చే అలవాటు మన పేటల్లో ఉంది. అది ప్రేమతో చేసే పనే, కానీ ఆ మాత్ర ఇద్దరికీ కీడే.

జాబితా చేతికొచ్చాక వార్డు ఆఫీసుకి కూడా ఒక కాపీ ఇవ్వండి. పరీక్ష ఎక్కడ లేదో, స్ట్రిప్పులు ఎన్ని నెలలుగా లేవో, మన అక్కల బీటు దారిలో మూత్రశాల ఎక్కడెక్కడ లేదో తేదీలతో రాసి సంతకాలతో ఇవ్వండి. ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు ఉంది, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ దరఖాస్తు ఎలా రాయాలో తెలిసిన పిల్లలు ప్రతి సంఘంలోనూ ఒకరిద్దరు ఉన్నారు. ఈ ఆదివారం ఆరాధన అవగానే వాళ్లను పక్కకి పిలిచి, శనివారం ఎన్ని గంటలకు బయల్దేరాలో మాట్లాడుకోండి.